మోసినవాళ్ల నొప్పి

పాస్ ఇప్పించమని నేనే అడిగాను. "సభలో నిలబడి నాలాంటిది ఈ రాష్ట్రంలో లేనే లేదని చెప్తావు కదా, ఆ ముచ్చటేదో నేను కళ్లారా చూడాలి" అన్నాను. మా తమ్ముడు కిరీటి, అదే, ఆరోగ్యశాఖ మంత్రి డాక్టర్ అడపా కిరీటి గారు, ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ఒద్దని అనలేకపోయాడు. మర్నాటికి పాస్ వచ్చింది.

సందర్శకుల గ్యాలరీలో కూర్చునేవాళ్లకి బోలెడు నియమాలు. చప్పట్లు కొట్టకూడదు, కాలు మీద కాలేసుకోకూడదు, కునుకు తియ్యకూడదు, నోరు అసలే విప్పకూడదు. మహిళా మార్షల్ ఒకమ్మాయి ఇవన్నీ అందరికీ అప్పజెప్పి నా దగ్గరికొచ్చి, "మీరు మంత్రిగారి అక్కగారంట కదండీ, మీకు చెప్పక్కర్లేదులెండి" అంది. "చెప్పు తల్లీ, నాకే బాగా చెప్పాలి" అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

కింద ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. ప్రతిపక్షం బెంచీల్లోంచి పాలపర్తి ఎస్తేరు రాణి అనే సభ్యురాలు లేచి తన ప్రశ్న నంబరు చెప్పి కూర్చుంది. అక్కడి పద్ధతి అదే. ప్రశ్న ముందే అచ్చు వేసి అందరికీ పంచుతారు, నంబరు చెబితే చాలు. నా పక్కనున్నాయన దగ్గర ఆ కాగితం ఉంటే తొంగి చూశాను. సహవేదన పథకం కింద రోగుల నొప్పిని తమ మీదికి తీసుకున్న బంధువులు ఆ తర్వాత తమ సొంత జబ్బులు తెలుసుకోలేక చనిపోతున్న విషయం వాస్తవమేనా, అయితే ప్రభుత్వం ఏం చేస్తోంది అని ఉంది.

కిరీటి లేచాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకున్నాడు. పైకి చూడలేదు.

"మొదటి ప్రశ్నకు, లేదండి. రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు" అని కూర్చున్నాడు.

అంతే. కూరగాయల బండివాడు వంకాయలు లేవమ్మా అన్నంత తేలిగ్గా చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండిందో తెలియాలంటే ఆ పథకం పుట్టిన చోటికి వెళ్లాలి. తణుకులో మా ఇంటి వెనక వరండాలో పుట్టింది అది. అప్పటికి కిరీటి మంత్రీ కాదు, ఇంకోటీ కాదు. నరాల మీద పరిశోధన చేసే కుర్ర డాక్టరు. నేను ఇంటి ముందు గదిలో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. మా అమ్మ సుభద్రమ్మకి క్లోమంలో కణితి వచ్చింది. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి ఇచ్చిన మందులు ఏ మూలకీ చాల్లేదు. అమ్మ అరుపులకి వీధికుక్కలు కూడా మా గుమ్మం ముందు పడుకోవడం మానేశాయి. టిఫిన్‌కి వచ్చినవాళ్లు సగం ప్లేటు వదిలేసి లేచిపోయేవాళ్లు.

ఒకరోజు కిరీటి తన ప్రయోగశాల నుంచి రెండు పట్టీలు, వాటికి తగిలించే మీటర్ల పెట్టె తెచ్చాడు. పట్టీలు మెడ వెనక కట్టుకునేవి, బెత్తెడు వెడల్పు. ఒకటి అమ్మ మెడకి కట్టాడు. రెండోది తను కట్టుకోబోయాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నొప్పిని చంపలేమక్కా. చోటు మార్చగలం, అంతే. అమ్మ వెన్నులోంచి పైకి పోయే నొప్పిని ఈ పట్టీ ఆపి ఇందులోకి పంపిస్తుంది. ఎలుకల మీద చేశాను. మనుషుల మీద ఇదే మొదలు."

"మరి నీకు నొప్పొస్తే ఆ మీటర్లు ఎవడు చూస్తాడ్రా? నేనా? నాకు పెనం తప్ప ఏం తెలుసు? ఇటియ్యి" అని వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడు ఒద్దక్కా ఒద్దక్కా అన్నాడు గానీ గట్టిగా పట్టుకోలేదు. నేనూ వాడికి ఆ సందు ఇవ్వలేదు.

మీట నొక్కాడు. నా కడుపులో ఎవరో రోకలి పెట్టి తిప్పినట్టయింది. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, అలాంటి నొప్పి నేనెరగను. అదే క్షణంలో అమ్మ అరుపు ఆగిపోయింది. లేచి కూర్చుంది. చుట్టూ చూసి, "హైమా, ఒక పెసరట్టు వేస్తావా? అల్లం కాస్త ఎక్కువెయ్యి" అంది. నేనూ కిరీటీ ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుని ఏడుస్తూ నవ్వేశాం.

ఆ వానాకాలమంతా నేను అమ్మ నొప్పిని మోశాను. పట్టీ తీస్తే నొప్పి మళ్లీ అమ్మకే పోతుంది, అందుకని దాంతోనే పిండి రుబ్బాను, దాంతోనే చట్నీ తాలింపు పెట్టాను. వచ్చినవాళ్లకి టిఫిన్లు పెడుతూ లోపల పళ్లు కొరుక్కునేదాన్ని. అమ్మ మాత్రం మంచం మీద కూర్చుని పక్కింటావిడతో పేకాడింది. చివరిరోజు కొబ్బరి పచ్చడిలో పుట్నాలు ఎక్కువయ్యాయని నాతో దెబ్బలాడి, దెబ్బలాడుతూనే కన్ను మూసింది. ఎంతమందికి దక్కుతుంది అలాంటి చావు? మళ్లీ మొయ్యమంటే మళ్లీ మోస్తాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆ పట్టీల వల్ల కిరీటి పేరు పేపర్లకెక్కింది. తర్వాత పార్టీవాళ్లు టికెట్టిచ్చారు. ఎన్నికల్లో ఊరూరా మైకు పట్టుకుని, "మా అమ్మ నొప్పిని మా అక్క మోసింది, మీ నొప్పిని ఈ ప్రభుత్వం మోస్తుంది" అని చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు, ఓట్లేశారు. మంత్రయ్యాక రాష్ట్రంలో ప్రతి పెద్దాసుపత్రిలోనూ పట్టీలు పెట్టించాడు. కాగితాల మీద దాన్ని సహవేదన పథకం అన్నారు. జనం కావడి అన్నారు.

మన సర్కారు ఆసుపత్రుల సంగతి తెలిసిందే కదా. మంచం మీద ఒకళ్లుంటే మంచం కింద చాప మీద ఒకళ్లుంటారు. తోడు లేకుండా రోగిని చేర్చుకోరు. ఆ తోడొచ్చినవాళ్ల మెడకే రెండో పట్టీ కట్టారు. బలవంతం ఏమీ లేదు, పైగా మాకంటే మాకని కొట్టుకున్నారు. "మా నాన్నది నేను మోస్తా" అని కూతురంటే, "ఇంటి కోడల్ని నేనుండగా నువ్వెవరివి?" అని కోడలు. భర్తది భార్య మోసింది, బిడ్డది తల్లి మోసింది. భార్యది మోసిన భర్తలు కూడా ఉన్నారు, లేరనను, కానీ వాళ్ల ఫొటోలు పేపర్లో వేసేవాళ్లంటే ఎంత తక్కువో చూసుకోండి. వార్డుల్లో అరుపులు ఆగిపోయాయి. అరుపుల్లేవు కాబట్టి నొప్పి మందులు కొనడం తగ్గించారు, తగ్గించి తగ్గించి మానేశారు.

కిరీటి భార్య ఢిల్లీలో ఉద్యోగం, నా పిల్లలు వాళ్ల సంసారాల్లో వాళ్లున్నారు. అందుకని నేనొచ్చి మంత్రిగారి బంగళాలో వాడికి వండిపెడుతున్నాను. వంటమనిషి ఉన్నాడు గానీ, అట్టు మాత్రం నేను వెయ్యాల్సిందే. ఒకరోజు పొద్దున అట్టేస్తూ వాడితో ఏదో మాట్లాడుతున్నాను. ఉన్నట్టుండి వాడు కుర్చీ తన్నేసి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి లాగాడు. మాడు కంపు నాక్కూడా తెలుస్తూనే ఉంది, అట్టు మాడిందనుకున్నాను. తీరా చూస్తే నా అరచెయ్యి పెనం మీద ఉంది.

"ఎన్నాళ్ల నుంచి అక్కా ఇలా?" అన్నాడు.

"ఎలా?"

వాడు నా చేతికి కట్టు కట్టి, నన్ను కారెక్కించి తిన్నగా ప్రయోగశాలకి తీసుకెళ్లాడు. అక్కడ వాడి శిష్యురాలొకతె ఉంది. మంత్రిగారిని చూడగానే లేచి, నా చేతి కట్టు చూసి, ఏమీ అడక్కుండానే ఒక గాజుపెట్టె తెరిచింది. అందులో రెండు ఎలుకలు. కింద పలక వేడెక్కిస్తే మొదటి ఎలుక చటుక్కున గెంతింది. రెండోది తన పాటికి తను మీసాలు దువ్వుకుంటూ అక్కడే కూర్చుంది. ఆ పిల్ల గబుక్కున దాన్ని బయటికి తీసింది.

"ఇది మోసిన ఎలుకండీ. వేరే దాని నొప్పి రోజుల తరబడి మోస్తే దీని నరాలు ఇంక పలకవు. మేం సార్‌కి పోయినేడే చెప్పాం" అంది.

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. పక్కింటి దొంగకి అరిచి అరిచి మనింటి కుక్క గొంతు పోగొట్టుకుందన్నమాట. మనింట్లోకి దొంగొచ్చినా ఇంక అరవదు. నేను కిరీటి వైపు తిరిగాను. "పోయినేడే తెలుసా నీకు?"

"ఎలుకల్లో వచ్చింది మనుషుల్లో రావాలని లేదక్కా. ఇంకా చూద్దాం అన్నాను" అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

ఆ సాయంత్రమే పరీక్షలన్నీ చేయించాడు. నాకూ కణితే, రొమ్ములో మొదలై ఎముకల్లోకి పాకిపోయింది. వెన్నుపూసలు రెండు అప్పటికే నలిగి ఉన్నాయి. "ఇంత పాకేదాకా నడుంనొప్పి అనలేదా అమ్మా?" అని పరీక్షలు చేసిన డాక్టరమ్మ అడిగింది. అనలేదమ్మా, వస్తే కదా అనడానికి! ఒక్కసారి నడుం పట్టేసినా చూపించుకునేదాన్ని. ఇప్పుడు చెయ్యగలిగిందేమీ లేదని ఆవిడ కిరీటిని పక్కకి పిలిచి చెప్పింది. నాకు వినిపించింది. నాకు చచ్చిపోవాలని లేదు. ఇంకా మనవరాలి మాటలు కూడా వినలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎస్తేరు రాణి ప్రశ్న వచ్చింది. దానికి జవాబు తయారైందని వాడి నోటే విన్నాను, ఇడ్లీలు తింటూ చెప్పాడు.

"లేదని చెప్తావా?" అన్నాను.

"అవునంటే ఏమవుతుందో తెలుసా అక్కా? మర్నాటి నుంచి ఒక్కళ్లు కట్టుకోరు. గోదాముల్లో మందుల్లేవు. తెప్పించేసరికి నెలలు పడుతుంది. అమ్మ అరిచినట్టు రాష్ట్రమంతా అరుస్తారు. ఆ వార్డులో నువ్వు నిలబడగలవా?"

"మందులు మానేసిందెవరు? నేనా? నేను అమ్మకి మోశాన్రా, నీ ఖర్చు తగ్గించడానికి మోయలేదు. పోనీ పట్టీలు తీసెయ్యమనలేదు నేను. మోసినవాళ్లందర్నీ పిలిచి ఒకసారి ఒళ్లు చూపించుకోమని చెప్పు. నాకు ఆలస్యమైంది, ఇంకొకత్తెకి కాకపోవచ్చు. అవును అన్న ఒక్క ముక్క చాలు."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందక్కా."

"నా కడుపు కదరా చిరిగింది!" అన్నాను. అప్పుడే పాస్ అడిగాను.

సరే, సభలోకి వద్దాం. వాడు లేదండి అని కూర్చున్నాక అనుబంధ ప్రశ్న అడగడానికి ఎస్తేరు రాణి మళ్లీ లేచింది. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం ఖంగుమంటుంది.

"అధ్యక్షా, మా నాన్న నొప్పి మా అమ్మ మోసిందండీ. ఆయన పోయాక కొన్నాళ్లకి చింతపండు గింజ తీస్తా తీస్తా పక్కకి ఒరిగిపోయింది. కడుపులో పేగు పగిలి ఒళ్లంతా విషం ఎక్కేసిందంట. కడుపునొప్పి అన్లేదా అని డాక్టరుగారు నన్నే అడిగారు. అన్లేదండీ. ఒక్కసారి కూడా అబ్బా అన్లేదండీ మాయమ్మ. మంత్రిగారేమో లేదండి అంటున్నారు. ఏది లేదు అధ్యక్షా? మాయమ్మ లేదా?"

అధికారులు కూర్చునే వైపు నుంచి ఒక చీటీ కిరీటి చేతికొచ్చింది. వాడు చదువుకుని లేచాడు.

"గౌరవ సభ్యురాలి బాధను అర్థం చేసుకుంటాను అధ్యక్షా. అయితే విడి సంఘటనల్ని పథకానికి ముడిపెట్టడం సరికాదు. లక్షలాది కుటుంబాలకు ఈ పథకం ఉపశమనం ఇచ్చింది. సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం."

వాడి పార్టీవాళ్లు బల్లలు చరిచారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

"సమాచారం ఎక్కడో ఎందుకు సేకరించడం అధ్యక్షా?" అంది ఎస్తేరు రాణి. "ఓట్లకొచ్చినప్పుడు మా ఊరి సెంటర్లో ఈయనే చెప్పారు, అందరికంటే ముందు మోసింది మా అక్కేనని. ఆ అక్కగారు ఎలా ఉన్నారండీ ఇప్పుడు?"

కిరీటి లేచాడు. చీటీ ఏదీ రాలేదు. ఈసారి తలెత్తి నన్ను చూశాడు. చెప్పరా నాన్నా, చెప్పెయ్యి అని లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను. వాడి పెదాలు కదిలాయి.

"బాగున్నారు అధ్యక్షా" అన్నాడు.

ఇంక నియమాలు ఎవరిక్కావాలి? లేచి నిలబడ్డాను. "ఒరే కిరీటీ!" అని అరిచాను. "బాగున్నానా నేను? నా మొహం చూసి చెప్పరా, బాగున్నానా?" అంటూ ఎదురుగా ఉన్న కటకటాల మీద చేత్తో ఫెడీమని కొట్టాను. సభంతా తలలెత్తింది. స్పీకర్ గారు గంట కొడుతున్నారు. "నువ్వు అమ్మ కడుపునే పుట్టావు కదరా, అబద్ధం ఆడితే ఆడావు, నన్ను అడ్డం పెట్టుకుని ఆడతావా?" అని ఇంకో రెండు దెబ్బలు కొట్టాను.

మార్షల్ పిల్ల నన్ను పట్టుకోబోయి కెవ్వుమంది. నాకెందుకో అర్థం కాలేదు. "ఏమైందే పిల్లా?" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి చూపించింది. మణికట్టు దగ్గర ఎముక విరిగి చెయ్యి ఒక పక్కకి వేలాడుతోంది. దాంతోనే నేను ఇంకా కటకటాలని కొడుతున్నాను. నాకేమీ తెలియలేదు. చీమ కుట్టినట్టు కూడా లేదు.

బల్లలు చరిచినవాళ్ల చేతులు బల్లల మీదే ఉండిపోయాయి.

"అక్కా, చెయ్యి కదపకు! ఎవరైనా ఆవిడ చెయ్యి పట్టుకోండి, కదపనివ్వకండి!" అని కిరీటి అక్కడి నుంచే అరిచాడు. స్పీకర్ గారు కూర్చోమంటున్నా కూర్చోలేదు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అధ్యక్షా, మొదటి ప్రశ్నకు అవునండి. అవును. పోయినేడే నాకు తెలుసు. మా అక్క బాగాలేదు అధ్యక్షా. మోసినవాళ్లందరూ ఆసుపత్రికొచ్చి చూపించుకోవాలి. నొప్పి లేదని ఇంట్లో కూర్చోవద్దు. నొప్పి లేకపోతేనే రావాలి" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చేశాడు. నన్ను అంబులెన్స్ ఎక్కించారు.

ఆ వారంలోనే రాజీనామా అడిగారు, ఇచ్చేశాడు. పథకాన్ని ఒక్కసారిగా ఆపలేదు. మందులొచ్చేదాకా పట్టీలు కడుతున్నారు, మోసినవాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. ఎస్తేరు రాణి ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో ఒక కోడలిపిల్లకి గుండెజబ్బు వేళకి దొరికిందని చెప్పింది. సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక ఒంటరిగా కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నా వేళెందుకు దాటిపోవాలి అనుకున్నాను. అనుకోకుండా ఎలా ఉంటాను?

కిరీటి నన్ను తణుకు తీసుకొచ్చేశాడు. ఇప్పుడు వంట వాడిదే, చట్నీలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. నాకు ఒళ్లు తుడుస్తాడు, బత్తాయి ఒలిచి పెడతాడు. పక్క మీద అటు ఒత్తిగిలినా ఇటు ఒత్తిగిలినా ఏ ఎముక విరుగుతుందోనని భయం. విరిగినా నాకు తెలియదు, వాడే చెయ్యి పెట్టి చూసి చెప్పాలి.

మొన్న పొద్దున ఎండ గదిలోకొచ్చే వేళకి పట్టీలు రెండూ పట్టుకొచ్చాడు.

"ఏంట్రా ఇవి మళ్లీ?"

"అమ్మది నువ్వు మోశావు. నీది నేను మోస్తానక్కా."

"నా దగ్గర ఏముందని మోస్తావు? నాకు నొప్పి లేదు కదరా పిచ్చినాన్నా."

"పైకి తెలియట్లేదంతే. లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. ఇన్ని ఎముకలు విరిగాయి, లేకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు.

డాక్టరు అనాల్సిన మాట కాదది. ఎందుకు ఉండదో నాకంటే వాడికే బాగా తెలుసు. అయినా తల పైకెత్తాను. నా మెడకి పట్టీ కట్టాడు. తను కూడా కట్టుకుని నా మంచం పక్కన చాప మీద పడుకుని మీట నొక్కాడు. సూది మందుకి భయపడే పిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వచ్చిందా?" అన్నాను.

"ఇంకా లేదక్కా."

మీట ఇంకాస్త కిందికి నొక్కాడు. కాసేపాగి ఇంకాస్త. చివరికంటా నొక్కేశాడు.

"రావట్లేదక్కా. ఏమీ రావట్లేదు" అన్నాడు. కళ్లు మూసుకునే ఏడుస్తున్నాడు. "కొంచెమైనా ఇవ్వక్కా."

నా ఒంట్లో ఇవ్వడానికి ఏమీ లేదు. నాకు గుండె చెరువైపోయింది, కానీ ఆ బాధని ఆ పట్టీ మోయలేదు. బాగున్న చెయ్యి కిందికి జార్చి వాడి తల మీద పెట్టాను.

"హమ్మయ్య" అన్నాను. "ఇందాకటి నుంచి నడుంలో ఒకటే పోటురా. ఇప్పుడు తగ్గింది."

వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. "నిజంగానా అక్కా?"

"నిజంగారా. తియ్యకు, కాసేపు అలాగే ఉంచు."

వాడు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగించి, రాని నొప్పిని మోస్తూ నా మంచం పక్కనే పడుకున్నాడు.